కనకలక్ష్మి సంతకం చేసిన పేజీ

2006 జులై 14 నాటికి కర్లపాలెం దగ్గరి ఒక బడిలో పర్యావరణ క్లబ్బు పిల్లలు నాటిన గానుగ మొక్కలు అరవై. ఒక్కొక్కరికి ఆరేసి మొక్కలు, ఒక్కో రికార్డు. రికార్డు రాయడం నేర్పే కనకలక్ష్మి బాపట్ల నుంచి బస్సులో వస్తుంది. చెప్పులు గట్టున విడిచి, కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని పిల్లలతోపాటు ప్రతి మొక్క దగ్గరా వంగుతుంది. చూసింది రాయాలనీ, చూడనిది చూడలేదని రాయాలనీ చెబుతూ గాజులను మోచేతి వైపు తోసుకుంటుంది.

ఆ శుక్రవారం ఎనిమిదో తరగతి హర్షిణి రికార్డు తిప్పుతూ ఆమె ఆగింది. గత వారం గడిలో ఇలా ఉంది: ‘టీచరు గారు రాలేదు. బకెట్లున్న గది తాళం ఆమె దగ్గరే ఉంది. నీళ్లు పోయలేదు. మూడు మొక్కలు ఎండాయి.’ ఆ రోజు కనకలక్ష్మి సెలవు పెట్టకుండా తెనాలిలో పెళ్లికి వెళ్లింది. రికార్డులు చూడటానికి మండల విద్యాధికారి మర్నాడే వస్తున్నాడు.

“ఆ పేజీ చింపించెయ్యండి మేడమ్,” అన్నాడు తోటి ఉపాధ్యాయుడు కొండలరావు. “ఇంక్రిమెంటు ఆగితే ఈ పిల్ల ఇస్తుందా ఏంటి?”

హర్షిణి బిక్కమొహం వేసింది. “తప్పు రాశానాండి?”

“లేదమ్మా. ఎండినవి సరిగ్గా చూశావా?”

“కాండం గోకి కూడా చూశానండి. లోపల పచ్చ లేదు.”

కనకలక్ష్మి ఆ పేజీ కింద సంతకం చేసింది.

తరువాతి వారం ఆమెను సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ఆ మధ్యాహ్నమే నలుగురు పిల్లలు రికార్డులతో ఆమె ముందు నిలబడ్డారు.

“మావీ కొన్ని చచ్చిపోయాయండి,” అన్నాడు కృష్ణతేజ. “బతికున్నాయని రాసేశాం.”

“పాత అంకె కనపడేలా ఒక్క గీత గీసి, పక్కన అసలుది రాయండి,” అంది కనకలక్ష్మి.