మేమిద్దరం గేటు దాటితే ఆగిపోయే మిషన్

ఇంట్లో దయ్యం ఉందని ఎవరైనా అంటే ముందు మెయిన్ స్విచ్ చూడమంటాను. నేను రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫిట్టర్‌ని. మా నాన్న కూడా అక్కడే పనిచేసి రిటైరయ్యాడు. లైటు దానంతటదే వెలిగిందంటే ఎక్కడో వైరు లూజు. గోడ షాక్ కొట్టిందంటే తేమ. చర్చికి వెళ్తాను, ప్రార్థన చేస్తాను, కానీ దయ్యాల కథలు నా ముందు ఎవరూ చెప్పరు. మధ్యలో ప్రశ్నలు వేసి పాడుచేస్తానని వాళ్ళ బాధ.

అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

మాది బెంగాల్లో ఖరగ్‌పూర్. నేను పుట్టింది న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో, మెట్టింది మలంచాలో. మా ఆయన ఇమ్మానుయేలుకి మెయిన్ రోడ్డు మీద కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. ఇంట్లో ఆయన, నేను, మా అత్తగారు. పిల్లలు లేరు. ఆ సంగతి ఇక్కడ అనవసరం.

రెండేళ్ళ కిందట ఆయన ఇంట్లో మైనింగ్ మిషన్ ఒకటి పెట్టాడు. మైనింగ్ అంటే బొగ్గు కాదు. కంప్యూటర్ రాత్రీ పగలూ లెక్కలు చేస్తూ కూర్చుంటే దానికి డిజిటల్ కాయిన్లు వస్తాయి. అల్యూమినియం ఫ్రేము మీద ఒక మదర్‌బోర్డు, వరసగా ఆరు గ్రాఫిక్స్ కార్డులు, వాటి ఫ్యాన్లు, వేడి, హోరు. పక్క గదిలో నా బీరువా, కుట్టు మిషన్ ఉండేవి. ఆ రెండూ హాల్లోకి వచ్చేశాయి. గది దానికిచ్చారు. గాలి ఆడాలని కిటికీకి కొత్త ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా పెట్టించారు. వంటింట్లో ఒకటి పెట్టించమని నేను పెళ్ళయిన కొత్తలో అడిగాను. ఇంకా అడుగుతూనే ఉన్నాను.

లాభనష్టాల గొడవ నాకొద్దు. ఆయన దాన్ని చూసే చూపే నాకు నచ్చేది కాదు.

పొద్దున లేస్తూనే ఫోన్ తీసి దాని టెంపరేచర్ చూసుకునేవాడు. నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి చూడని మనిషి, మూడో కార్డు వేడెక్కిందంటే తింటున్న కంచం వదిలి లేచేవాడు. పెయింటు బ్రష్షుతో దాని ఫ్యాన్ల దుమ్ము ఎంత మెల్లగా దులిపేవాడో చూస్తే ఒళ్ళు మండేది. సవతి అనుకునేదాన్ని. నోటితో కూడా అనేదాన్ని. ఆయన నవ్వేవాడు.

కొన్నాళ్ళకి అది ఆగిపోవడం మొదలుపెట్టింది, అదీ ఆదివారం పొద్దుట, మేము చర్చిలో ఉన్నప్పుడు. కార్డుల ఫ్యాన్లన్నీ ఒక్కసారే ఆగిపోయేవి. ఆయన ఫోన్‌కి మెసేజ్ వచ్చేది. అంతే, పాస్టర్‌గారు వాక్యం చెబుతుండగానే ఈయన బెంచీ మీద నుంచి లేచి చెప్పులు వెతుక్కునేవాడు. వెనక బెంచీల ఆడవాళ్ళు నన్ను చూసేవాళ్ళు. వారంలో ఆయన నా పక్కన కదలకుండా కూర్చునేది ఆ ఒక్కపూటే, అది కూడా పోయింది. ఆ కోపంతోనే దాన్ని బాగుచేయడానికి పూనుకున్నాను. దాని మీద ప్రేమతో మాత్రం కాదు.

ఆదివారం అందరూ ఇళ్ళల్లో ఉంటారు, వాషింగ్ మిషన్లు, ఏసీలు నడుస్తాయి, వోల్టేజి పడిపోతోంది అనుకున్నాను. చర్చి మానేసి ఒక ఆదివారం మీటర్ పట్టుకుని దాని ముందే కూర్చున్నాను. వోల్టేజి కాస్త తగ్గింది కానీ మిషన్ ఆగేంత కాదు. ఆ పూట అది ఆగలేదు కూడా.

అయినా నా పని నేను చేశాను. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుస్తుంటే తీసేసి, బోర్డు నుంచి లావు రాగి వైరు లాగి దానికి సొంతంగా పెద్ద సాకెట్టు, ట్రిప్ స్విచ్ పెట్టాను. కార్డులకి పవర్ ఇచ్చే చిన్న ప్లగ్గులు హార్డ్ డిస్క్‌ల కోసం చేసినవి, అంత లోడు మొయ్యవు. ఒకటి అప్పటికే కాస్త కరిగి నల్లబడింది. అవన్నీ తీయించి నేరుగా పవర్ సప్లై నుంచి ఇప్పించాను. కార్డులని బోర్డుకి కలిపే రైజర్ కేబుళ్ళు కొత్తవి తెప్పించాం. లోడు రెండు పవర్ సప్లైలకి పంచాం. పెరట్లో ఎర్తింగ్ గొయ్యి తిరగతోడి ఉప్పు, బొగ్గు పోసి నీళ్ళు పట్టాను. వైఫై తీసేసి కేబుల్ వేశాం. కార్డుల స్పీడు తగ్గించి చూశాం. సిస్టమ్ పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంటే డిస్క్‌లోకి మార్చాం.

వారమంతా గడియారంలా నడిచేది. ఆదివారం ఆగేది.

ఆగినప్పుడు పక్క సాకెట్టులో కరెంటు ఉండేది, ఫ్రిజ్జు నడుస్తూ ఉండేది. స్విచ్ ఒకసారి ఆపి మళ్ళీ వేస్తే ఏమీ ఎరగనట్టు లేచి పనిచేసేది.

అసలు మాట బయటపెట్టింది మా అత్తగారు. మటన్ ముక్కలు కడుగుతూ మామూలుగా అంది.

"మీరిద్దరూ గేటు దాటితే సాలు, దాని హోరు ఆగిపోతాది. బేస్తవారం పెళ్ళికెల్లినప్పుడు కూడా అంతే."

అత్త కదా, సహజంగా ఆవిడ మీదే అనుమానం వచ్చింది. కొడుకూ కోడలూ కలిసి తిరగడం ఇష్టం లేక స్విచ్ నొక్కేస్తోందేమో అనుకున్నాను. గదికి తాళం వేసి తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెళ్ళాను. ఆగింది. ఆవిడకి విషయం తెలిసి ముఖం ముడుచుకుంది.

"ఏటమ్మా, దాని బటనెక్కడున్నాదో కూడా ఎరగను. నేనేటి సేసినాను?"

తర్వాత ఆవిడ ఖరీదాలో ఉండే కూతురింటికి వెళ్ళినప్పుడు ఇల్లంతా తాళం వేసి ఇద్దరం సినిమాకి బయల్దేరాం. సందు చివర టీ కొట్టు కూడా దాటలేదు, ఆయన ఫోన్ మోగింది. ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాను. చేపలు తెచ్చి వండి పెట్టాను కూడా.

ఇక నాకు పట్టుదల వచ్చింది. వర్క్‌షాపులో ఫాల్ట్ వెతికేటప్పుడు ఒక్కొక్కటే మార్చి చూస్తాం. ఇక్కడా అదే చేశాను. ఆయన ఒక్కడే వెళ్తే ఆగలేదు. నేను ఒక్కదాన్నే వెళ్తే ఆగలేదు. ఆయన వాళ్ళమ్మని తీసుకెళ్తే ఆగలేదు. చెల్లెల్ని ఎక్కించుకుని బజారంతా తిరిగి వచ్చాడు, ఆగలేదు. ఇద్దరం వేర్వేరుగా బయల్దేరి చర్చిలో కలుసుకున్నాం. పక్కపక్కన కూర్చోగానే ఆగింది. స్కూటర్ అదురుకేమో అని నడిచి వెళ్ళాం, టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో వెళ్ళాం. ఆయన ఫోన్ నుంచి ఏదైనా సిగ్నల్ పోతోందేమో అని ఫోన్లు రెండూ ఇంట్లో వదిలి వెళ్ళాం. అన్నిసార్లూ ఆగింది.

ఆయనతో అన్నాను, ఇది నా మీద కుళ్ళుకుంటోందని. అంటున్నప్పుడే సిగ్గేసింది. ఇనుము, ప్లాస్టిక్కు కలిసిన దానికి కుళ్ళేమిటి. ఆయన మాత్రం వెంటనే నవ్వలేదు. కాసేపు దానివైపు చూసి, అప్పుడు నవ్వాడు.

తర్వాత పూరీ ప్రయాణం వచ్చింది. పెళ్ళయ్యాక మేమిద్దరం ఎక్కడికీ వెళ్ళలేదు. ఎప్పుడూ అటు పెళ్ళి, ఇటు చావు, లేదంటే ఎవరో ఒకరు వెంట. నాలుగు రోజులు సముద్రం దగ్గర ఆయనతో ఉండాలని నా కోరిక. వర్క్‌షాపులో అందరినీ బతిమాలి సెలవు తెచ్చుకున్నాను. బ్యాగు నేనే సర్దాను. అది ఆగకూడదని వేర్వేరుగా స్టేషన్‌కి చేరి, బండి వేళకి ప్లాట్‌ఫారం మీద కలుసుకున్నాం. బండి లోపలికి వస్తుండగా ఆయన ఫోన్ మోగింది.

"నువ్వెల్లిపో సుగుణా. దాన్ని ఆన్ సేసి రేపటి బండికి వచ్చేస్తాను."

బ్యాగు నా కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాడేమో అనుకున్నాను. చూడలేదు. బండి ఆగింది, జనం ఎక్కారు, బండి వెళ్ళిపోయింది. నేను బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఎంతమంది చూశారో నాకు తెలియదు.

ఇంటికి వచ్చేసరికి అది హోరుమని నడుస్తోంది. ఆయన దాని ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"అదుండాలా, నేనుండాలా. ఇప్పుడే సెప్పు."

మా అత్తగారు కూడా వచ్చి నా పక్కన నిలబడింది. ఆ సాయం నేను మర్చిపోను.

నెల తిరగకుండా మిషన్ అమ్మేశాడు. కొన్నది మిద్నాపూర్‌లో ఫోటో స్టూడియో ఉన్న తపన్ దా. కాసాయి నదికి అవతల, మా ఇంటికి బాగానే దూరం. తీసుకెళ్ళేరోజు ఆయన ఒక్కొక్క కార్డునీ తుడిచి, మా మంచి దుప్పట్లో చుట్టి, పసిపిల్లని అందించినట్టు ఆటోలోకి అందించాడు. దుప్పటి పోయినా పర్లేదనుకున్నాను. నా బీరువా తిరిగి గదిలోకి వచ్చింది.

ఆ తర్వాత రోజులు ఎంత హాయిగా గడిచాయో చెప్పలేను. చర్చిలో ఆఖరి ఆమెన్ దాకా నా పక్కన కూర్చున్నాడు. పూరీ కూడా వెళ్ళాం. ఇసకలో నా చెయ్యి పట్టుకుని నడిచాడు. నేను గెలిచాననుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ మోగితే నేను తీశాను. తపన్ దా. బౌదీ, దాదాతో మాట్లాడాలి, మళ్ళీ అదే ప్రాబ్లం అన్నాడు. బెంగాలీలో బౌదీ అంటే వదిన, దాదా అంటే అన్న. ఏ ప్రాబ్లం అని అడిగాను. మీకు తెలియదా, కొన్నప్పటి నుంచీ దాదాకి చెబుతూనే ఉన్నాను కదా అన్నాడు. మిషన్ ఫస్ట్ క్లాస్‌గా నడుస్తుందట. ఆదివారం పొద్దుట మాత్రం ఆగిపోతుందట. పవర్ సప్లై మార్చాడట, వేరే గదిలో పెట్టాడట. మధ్యలో ఒకసారి వరసగా నాలుగు రోజులు ఎన్నిసార్లు స్విచ్ వేసినా లేవలేదట, ఐదో రోజు మధ్యాహ్నం దానంతటదే లేచిందట. ఎప్పుడని అడిగాను. చెప్పాడు. మేము పూరీలో ఉన్న రోజులు. ఐదో రోజు మధ్యాహ్నానికి ఇంటికి చేరాం, ఆయన షాపుకి వెళ్ళిపోయాడు.

నేను ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. భయమే వేసింది, దాచుకోవడం దేనికి.

ఆ భయం పోయాక ఇంకొకటి గుర్తొచ్చింది. పూరీలో ఆయనకి ఫోన్ వచ్చినప్పుడల్లా నా చెయ్యి వదిలి అవతలికి వెళ్ళేవాడు. షాపు కస్టమర్ అనేవాడు. తిరిగి వచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతుండేది. ఆ వెలుగు సముద్రం వల్ల, నా వల్ల అని నేను మురిసిపోయాను.

తల తుడుచుకుంటూ వచ్చిన మనిషిని నిలదీశాను. నువ్వు బాధపడతావని సెప్పలేదు అన్నాడు. మళ్ళీ అడిగితే చొక్కా తొడుక్కుని షాపుకి వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం తలనొప్పి అని పడుకున్నాను. ఆయన ఒక్కడే చర్చికి వెళ్ళివచ్చాడు. వరండాలో నిలబడి తపన్ దాకి ఫోన్ చేశాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అవతలివాడు ఏం చెప్పాడో వినపడలేదు కానీ ఈయన ముఖం చిన్నబోయింది. మిషన్ ఆగలేదన్నమాట, ఆ పూట నా మీద కుళ్ళుకోలేదన్నమాట. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

ఈ ఊళ్ళో మేమిద్దరం కలిసి బయల్దేరితే నది అవతల ఒక మిషన్‌కి ఎలా తెలుస్తుంది? నాకు తెలిసిన విద్యంతా పెట్టి ఆలోచించాను. మా ఫోర్‌మన్‌ని, ఎవరిదో సంగతి అన్నట్టుగా, అడిగాను. ఎర్తింగ్ చూడమన్నాడు.

మొన్న ఆదివారం నేను లేచేసరికి ఆయన స్నానం చేసి తయారుగా ఉన్నాడు. నా నీలం చీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసి ఉంచాడు. టీ తనే పెట్టి తెచ్చాడు. ఈవారం తలనొప్పి లేదు కదా అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

"బేగి తయారవ్వు సుగుణా. ఇద్దరం కలిసెల్దాం."

పెళ్ళయ్యాక ఇంత ప్రేమగా నన్ను ఎప్పుడూ పిలవలేదు. చీర కట్టుకున్నాను. స్కూటర్ మీద ఆయన వెనక కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. గేటు దాటగానే స్కూటర్ కాస్త స్లో చేసి వాచీ చూసుకున్నాడు, నది అవతల అది ఆగే టైము. ఆయన ముఖం నాకు కనిపించలేదు కానీ చెవుల పక్కనుంచి బుగ్గలు పైకి లేవడం కనిపించింది.

చెయ్యి తీయలేదు. ఇంకా గట్టిగా పట్టుకున్నాను.