మర ఇచ్చిన శ్రుతి

పిండిమర నడుపుతాడు కాబట్టి ఆయన్ని అందరూ మరాయన అనే పిలుస్తారు. పని చేస్తున్నంతసేపూ ఆయన గొంతులో ఒకటే స్వరం మూలుగుతూ ఉంటుంది. పాట కాదు, కూనిరాగమూ కాదు. ఎక్కదు, దిగదు. "ఆ మూలుగేమిటండీ, కడుపునొప్పా?" అని భార్య ముప్ఫై ఏళ్లుగా అడుగుతూనే ఉంది. "నేనా? నేనెప్పుడు మూలిగాను?" అంటాడాయన. నిజంగానే ఆయనకు తెలియదు.

ఇప్పుడంటే కనుబొమ్మల దాకా పిండి కొట్టుకుని గోధుమలు పట్టే మనిషి గానీ, ఒకప్పుడు హెవీ రాక్ బ్యాండులో బేస్ గిటారు వాయించేవాడు. చెబితే ఎవరూ నమ్మరని చెప్పడం మానేశాడు. ఆ బ్యాండు పుట్టిందే ఈ మరలో. మొత్తం నలుగురు, లీడ్ గిటారు వాయించేది స్వయానా ఆయన బావమరిది. ఇంకెక్కడా చోటు దొరక్క వెనక గదిలో బస్తాల మధ్య సాధన చేసేవాళ్లు. ముందు గదిలో మర తిరుగుతూనే ఉండేది. దాన్ని మించి వినబడాలంటే చెవులు చిల్లులు పడేలా వాయించక తప్పేది కాదు. జనం దాన్నే శైలి అన్నారు! మొదటి క్యాసెట్టు కూడా ఆ బస్తాల మధ్యే రికార్డు చేశారు.

తర్వాత పెద్ద స్టూడియో వచ్చింది. దాంతోపాటు అరచేతిలో ఇమిడే ట్యూనరొకటి వచ్చింది. శ్రుతి కుదిరితే పచ్చదీపం, తప్పితే ఎర్రదీపం. మిగతా ముగ్గురికీ పచ్చదీపం వెలిగింది. మరాయన తీగ సవరించుకున్న ప్రతిసారీ ఎర్రదీపమే, ఎప్పుడూ కాస్త కిందికే ఉండేవాడు. "ఆ దీపమే తప్పేమో" అని ఒకసారి నోరు జారాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాడట!" అని అందరూ విరగబడి నవ్వారు. చివరికి బావమరిదే వచ్చి, "బావా, ఏమీ అనుకోకు. నీకు చెవి లేదు" అని చెప్పేశాడు. బావమరిది బతుకు కోరతాడంటారు. ఈ బావమరిది ఆ బతుకులోంచి సంగీతాన్ని ఒక్క మాటతో ఊడబెరికాడు.

మరాయన గిటారు వదిలేసి మర దగ్గరికి తిరిగొచ్చేశాడు. పైగా ఆ మాట నమ్మేశాడు, అసలు నష్టం అదే. కూతురు చిన్నతనంలో పాట పాడి నిద్రపుచ్చమంటే, "మీ అమ్మనడుగు తల్లీ, నాకు చెవి లేదు" అనేవాడు. అలా ఇరవై ఆరేళ్లు గడిచాయి.

ఒక మధ్యాహ్నం బావమరిది భుజాన గిటారుతో మర గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. జుట్టంతా నెరిసింది. ఏ ఎండకా గొడుగు పట్టి ఇన్నేళ్లు బ్యాండు నడిపిన మనిషికి ఇప్పుడు మళ్లీ ఆ మొదటి మోతే కావాలట.

"పాత ఆంప్లిఫయర్లు వెతికి మరీ కొన్నాం బావా. పాత రకం తీగలే వేశాం. అయినా ఆ బరువు రావట్లేదు. రికార్డింగు చేసేవాడేమో, ఆ క్యాసెట్టు ఏ లెక్కకీ అందని శ్రుతిలో ఉందంటున్నాడు. అసలప్పుడు దేన్నిబట్టి సవరించుకున్నాం మనం?"

"మన దగ్గర ఏముంది కనక? మరనిబట్టే" అన్నాడు మరాయన. "అదలా ఆగకుండా మోగుతుంటే ఇంకో శ్రుతిలో వాయించడం ఎవరి తరం? నలుగురం దానికే కలుపుకునేవాళ్లం. మర్చిపోయావా?"

బావమరిది ముఖం వెలిగిపోయింది. "అయితే ఒకసారి మర వెయ్యి బావా!"

"అది నాలుగేళ్ల కిందటే పాత ఇనుములోకి పోయింది. ఇది కొత్తది. దీని గోల వేరు."

బావమరిది బస్తా మీద కూలబడ్డాడు. టీ తెచ్చిన అక్క గుమ్మంలోనే నిలబడి అంతా వింది.

"మర పోతే పోయిందిరా తమ్ముడూ, దాని మూలుగు ఎక్కడికి పోతుంది? మీ బావ గొంతులోనే ఉందిగా! ఇన్నాళ్లూ కడుపునొప్పి అనుకున్నాను. ఏమండీ, ఒకసారి మూలగండి."

"నాకేం వచ్చు? నాకు చెవి..."

"మూలగమంటుంటే!"

మరాయన కొత్త మర ఆపాడు. అడిగితే వచ్చేది కాదు అది. నాలుగైదుసార్లు గొంతు సవరించుకుని, ఇక లాభం లేదని చేట అందుకుని గోధుమలు చెరగడం మొదలుపెట్టాడు. కాసేపటికి దానంతటదే వచ్చింది. బావమరిది గబగబా ఫోనులో పాత పాట పెట్టాడు. ఆ మూలుగు వెళ్లి పాట అడుగున సరిగ్గా కూర్చుంది.

మరాయన చేతిలో చేట ఆగిపోయింది. తనకు చెవి ఉంది. ఆ రోజు స్టూడియోలో ముగ్గురూ దీపానికి కలుపుకున్నారు, తానొక్కడే మరను మర్చిపోలేదు. సంతోషం కంటే ముందు కోపం వచ్చింది. కూతురికి పాడని పాటలన్నీ గుర్తొచ్చి కళ్లు మండాయి. పిండి పడినట్టు నటిస్తూ తుడుచుకున్నాడు.

"చెవి లేనిది నాకు బావా" అన్నాడు బావమరిది, తలెత్తకుండా.

మరాయన చేట పక్కన పెట్టాడు. తర్వాత, "ఆ గిటారు బయటికి తియ్యి" అన్నాడు.

బావమరిది లావు తీగ మీటాడు. అలవాటు కొద్దీ ట్యూనర్ పక్కన పెట్టుకున్నాడు. పచ్చదీపం వెలిగింది. మరాయన తల అడ్డంగా ఊపాడు.

"దించు."

దించాడు. ఎర్రదీపం వెలిగింది. బావమరిది ట్యూనర్ తీసి జేబులో పడేసి, బావ ముఖం వంక చూస్తూ బిరడా తిప్పాడు.

"ఇంకొంచెం దించరా" అన్నాడు మరాయన. "నువ్వింకా పైనే ఉన్నావు."