ఓపీ రిజిస్టరులో మూడు పేర్లు

1964లో నేను బిట్రగుంటలో నర్సుని. లోకోషెడ్డులో రైలింజన్ల కూత వినబడేంత దూరంలో, ఒక డాక్టరుగారు సొంతంగా నడిపే నాలుగు మంచాల ఆస్పత్రి మాది. మనిషి గడప దాటగానే పేరు, తండ్రి పేరు, ఊరు, బాధ ఓపీ రిజిస్టరులో ఎక్కించడం నా మొదటి పని. ఓపీ అంటే మంచం ఎక్కకుండా మందు తీసుకుని వెళ్లిపోయే రోగులు. పేరు రాయనిదే గాయానికి దూది కూడా పెట్టేదాన్ని కాదు. ఆ పద్ధతంటే నాకు గర్వంగా ఉండేది.

పెంచలయ్య రైలింజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. రైల్వే ఆస్పత్రికి వెళితే తాగుడు సంగతి కాగితానికెక్కి ఉద్యోగం పోతుందని మా దగ్గరికి వచ్చాడు. అప్పుడు మద్యనిషేధం అమల్లో ఉంది. అయినా సముద్రం వైపు తోపుల్లో నాటుసారాకు లోటు లేదు. మానేసిన రెండో రోజుకల్లా చేతులు వణికి, గోడమీద లేని పురుగులు కనిపించేవి. దాన్ని విత్‌డ్రాయల్ అంటారు, అలవాటైన సారా ఆగితే ఒళ్లు చేసే తిరుగుబాటు. ముచ్చటగా మూడోసారి గట్టెక్కించాక, "ఇంకోసారి ఇట్లా వచ్చినావంటే నేను బతికించలేను" అని డాక్టరుగారు చెప్పేశారు. అతని పేరు పక్కన మాత్రం "జ్వరం" అని రాయించారు. అబద్ధం రాయించినందుకు నేను రెండు రోజులు మూతి ముడుచుకున్నాను.

తాగుడు మానినవాళ్లు మద్రాసులో వారానికోసారి కూర్చుని మాట్లాడుకుంటారని డాక్టరుగారు ఎక్కడో విన్నారు. ఎక్కడ కూర్చుంటారో ఆయనకీ తెలియదు. మద్రాసు డ్యూటీ పడ్డప్పుడల్లా పెంచలయ్య వెతికాడు. తాగుబోతులు కూర్చునే చోటు ఏదని అడిగితే ఒకాయన పోలీసు స్టేషను చూపించాడట. చివరికి ఒక చర్చి వెనక గదిలో ఏడుగురు దొరికారు.

"అరవంలో, ఇంగిలీషులో మాట్లాడతాండారు సిస్టరమ్మా. నాకు సగమే అర్థమయింది. అయినా వాళ్లు చెప్పేదంతా నా కథే" అన్నాడు తిరిగొచ్చి. ఆ మాట చెబుతుంటే అతని మొహం వెలిగిపోయింది.

కానీ వాళ్లు కలిసే రోజూ, ఇతనికి మద్రాసు డ్యూటీ పడే రోజూ ఒకటి కావడం అరుదు. అందుకని ఇక్కడే కూర్చుందామని, తనలాగే మానాలని చూస్తున్న ఇద్దరిని పోగుచేశాడు. ఒకరు గూడ్సు గార్డు, ఇంకొకరు కావలి రైసుమిల్లులో ఫిట్టరు. ఆదివారం మధ్యాహ్నం కట్లు కట్టే గది ఖాళీగా ఉంటుంది గనుక డాక్టరుగారు ఒప్పుకున్నారు.

మొదటి ఆదివారం ముగ్గురూ వచ్చారు. నేను టీ ఇచ్చాను. ఇచ్చి, అలవాటు ప్రకారం పేర్లడిగి రిజిస్టరులో ఎక్కించాను. "బాధ" అన్న గడిలో ముగ్గురికీ "తాగుడు" అని గుండ్రంగా రాశాను. గార్డు ఆ పేజీ వంక చూసి టీ సగం వదిలేశాడు. నేనది పట్టించుకోలేదు.

తరువాతి ఆదివారం పెంచలయ్య ఒక్కడే వచ్చి గంటసేపు రెండు ఖాళీ కుర్చీల ముందు కూర్చున్నాడు. ఆ పై వారమూ అంతే. తాగుబోతుల మాట నీళ్లమీద రాతేనని మనసులో ఆ ఇద్దరినీ తిట్టుకున్నాను.

నాలుగో ఆదివారం అతనూ రాలేదు. అతని భార్య రమణమ్మ పరుగున వచ్చింది. "చొక్కా ఏసుకొని వాకిట్లో కూర్చోనుండాడక్కా. తోపులకల్లా పోయేటట్టుండాడు. నా మాట వినడంలా."

నేను వెళ్లి అతని ఎదుట మెట్టుమీద కూర్చున్నాను.

"వాళ్లెందుకు రావడం లేదు?"

"పేర్లు రాస్తిరి గదమ్మా. పోలీసోళ్లు చూస్తే జైలు, రైలోళ్లు చూస్తే ఉద్యోగం గోవిందా. ఒకడి మొహం చూసి ఇంకొకడు నిలబడాల. నా ఒక్కడివల్ల కాదు."

సిగ్గుతో చచ్చిపోయాను. "ఆ మద్రాసు గదిలో ఏం చేస్తారో అది మనిద్దరం చేద్దాం. చెప్పు, వింటాను" అన్నాను.

"ఆడ బోధలు చెయ్యరు. ఎవురి తప్పు వాళ్లు చెప్పుకుంటారు." నా వంక సూటిగా చూశాడు. "ముందు మీరు చెప్పండి."

చెప్పాను. రోగి కంటే రిజిస్టరు ఎక్కువనుకున్నానని, ఆ పేజీ నింపి మురిసిపోయానని చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. తరువాత అతను మొదలుపెట్టాడు. పొద్దు వాలేదాకా మాట్లాడి, లేచి చొక్కా విప్పి దండెం మీద వేశాడు. రమణమ్మ పొయ్యి రాజేసింది.

మా రిజిస్టరుకు పేజీల నంబర్లుంటాయి, చింపడానికి లేదు. మరునాడు పుండ్లకు రాసే జెన్షన్ వయొలెట్ సీసా తీసి ఆ పేజీ మీద ఒంపేశాను. ఉతికినా పోని ఊదారంగు అది.

"చెయ్యి జారింది సార్" అన్నాను.

డాక్టరుగారు పేజీ చూశారు, నన్ను చూశారు. "ఇన్నేళ్లలో నీ చేతిలోంచి దూది కూడా జారలేదే" అని, పేజీ కింద సంతకం పెట్టేశారు.

ఆ రిజిస్టరు చంకన పెట్టుకుని గార్డు ఇంటికి, కావలి మిల్లుకు వెళ్లి పేజీ చూపించి క్షమాపణ అడిగాను. ఫిట్టరు పకపకా నవ్వాడు. గార్డు నవ్వలేదు. ఆదివారం మాత్రం ఇద్దరూ వచ్చారు. నేను టీ పెట్టి, తలుపు దగ్గరగా వేసి బయట కూర్చున్నాను.

వచ్చిన మనిషికి ముందు కుర్చీ వెయ్యాలని, పేరు తరువాత అడగొచ్చని నాకు నేర్పింది ఆ కేసే. నాలుగేళ్ల తరువాత ఒకరోజు పెంచలయ్య దుప్పటి కప్పుకుని వచ్చాడు. కుర్చీ వేశాను. కలం చేతిలో పట్టుకుని ఊరుకున్నాను.

"రాయండి సిస్టరమ్మా" అన్నాడు నవ్వుతూ. "ఈసారి నిజంగానే జొరం."