టెంకాయ గెలిచిన కారు

ఆ రోజుల్లో గల్ఫు నుంచి ఇంటికి ఫోన్లో మాట్లాడే ప్రతివాడూ తనను తాను ఒక జానెడు పెంచుకునే మాట్లాడేవాడు. నేనైతే మూరెడు పెంచేవాణ్ణి. జహ్రా ఊళ్లో మూలపడ్డ కారుకు ఒంటిచేత్తో ప్రాణం పోశానని అబూ హలీఫా పేటలో మేముండే గదిలో కుర్రాళ్లకు ఇప్పటికీ చెబుతుంటాను. (పోసింది మా యజమాని, అంటే బాబా. ఆ ఇంటి డ్రైవరుగా నేను చేసిందల్లా లైటు పట్టుకోవడం, అడిగిన పానా కాక వేరేది అందించడం.)

అది విడిభాగాలుగా డబ్బాల్లో వస్తే ఇంట్లోనే బిగించుకునే కారు. బాబా, ఆయన తమ్ముడు కుర్రతనంలో మొదలుపెట్టారు. తమ్ముడు పోయాక అది గుడ్డ కప్పుకుని గ్యారేజీలో పడి ఉంది. బాబా తల్లిని మేమంతా మామా కబీరా, అంటే పెద్దమ్మగారు, అనేవాళ్లం. ఆమె మంచం పట్టాక ఒకరోజు, "వాడి కారు నేనుండగా నడుస్తుందా?" అని అడిగింది. బాబా నేరుగా వెళ్లి గుడ్డ తీశాడు. ఆ చలికాలమంతా మా పని అదే.

కారు సిద్ధమైన శుక్రవారం, బాబా తల్లిని తీసుకురావడానికి లోపలికి వెళ్లాడు. నేను చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, దాచి తెచ్చుకున్న టెంకాయ తీశాను. వంటమనిషి రాయచోటి సాయిబు, నాకు మామ వరస. తలుపులోంచి చూసి కేకేశాడు.

"రేయ్, బాబాను ఒక మాట అడగరా! ఇది మనూరి లారీ కాదు."

"అడిగితే వద్దంటాడు మామా. దిష్టి తగిల్తే ఎవురు జవాబు చెప్పేది?"

మా ఊళ్లో లారీ క్లీనరుగా ఉన్నప్పుడు ఇనప బంపరు మీదే కొట్టేవాణ్ణి. ఇదీ వెండిలా మెరుస్తోంది. బలంగా కొట్టాను. టెంకాయ చెక్కుచెదరలేదు. బంపరు పగిలింది. అది ఫైబరు. దానికి వెండిరంగు పూస్తుంటే డబ్బా పట్టుకున్నది నేనే! (చిన్న పగులే. సరే, మూరెడు.)

చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చిన బాబా ఆగిపోయాడు. ఆ బంపరు తమ్ముడు స్వయంగా అచ్చుపోసింది. అక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డు, నన్ను ఇంటికి పంపేసే విమానం టికెట్టు కళ్ల ముందు తిరిగాయి.

"ఏమిటిది?" అన్నాడు, చాలా మెల్లగా.

"దిష్టి తగలకుండా, బాబా... మా దేశంలో..."

మామా కబీరా చెయ్యి చాచి ఆ పగులును వేళ్లతో తడిమింది. చివరికి ఆమె, "వాడు చేసిందేదీ ఏనాడూ గట్టిగా లేదు," అని నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "తగలాల్సిన దిష్టి తగిలేసింది. ఖలాస్. యల్లా, ఇంక పదండి, ఎక్కించండి నన్ను."

ఆ కారులో ఆమెను అహ్మది దాకా తిప్పానని చెబుతుంటాను. నిజానికి నడిపింది బాబా. వీధి మలుపు దగ్గర అది ఆగిపోతే వెనక్కి తోసుకొచ్చింది నేనూ, సాయిబు మామా. లోపల ఆమె పెళ్లికూతురిలా నిటారుగా కూర్చుంది. ఆ పగులును బాబా ఎన్నడూ పూడ్చలేదు. టెంకాయ మాత్రం ఆ రాత్రే పచ్చడైంది.

ఇప్పుడు మా వాళ్లెవరు పాత కారు కొన్నా టెంకాయ కొట్టడానికి పెద్దవాణ్ణని నన్నే పిలుస్తారు. బంపరుకు బారెడు దూరంలో, నేల మీద కొడతాను. ఒక్క దెబ్బకే పగులుతుంది. అందరూ సంతోషిస్తారు. నాకే, ఎందుకో, కాస్త వెలితిగా ఉంటుంది.