అన్నకు వెళ్లే దారి

ఆస్తి పంచుకున్నవాళ్లు వసారాలో గోడ కట్టించడం, నూతికి అడ్డంగా తడిక కట్టడం పల్లెల్లో కొత్తేమీ కాదు. గుడివాడలో రొయ్యల మేత వ్యాపారం పంచుకున్న అన్నదమ్ములు మాత్రం మెయిల్ సర్వర్‌కు గోడ కట్టమన్నారు. ఏళ్ల తరబడి దాన్ని చూసుకుంటున్న మంగినపూడి రత్నరాజు, ఇద్దరూ మళ్లీ కలుస్తారని లోలోపల ఆశ పెట్టుకున్నవాడు.

మెషిన్ ఒక్కటే. ఇకమీదట అన్నగారి మెయిళ్లకో ఐపీ అడ్రసు, తమ్ముడి మెయిళ్లకో అడ్రసు, ఒకే ఇంటికి రెండు వాకిళ్లలాగ.

"మరి మీరు అన్నగారికి రాస్తేనండీ? ఇన్నాళ్లూ లోపల్లోపలే వెళ్లేది," అన్నాడు రత్నరాజు.

"బయటికెళ్లి రావాలి రాజూ, పరాయివాళ్ల మెయిల్లాగే," అన్నాడు తమ్ముడు విద్యాసాగర్.

రత్నరాజు మెయిళ్ల దారి మార్చాడు. పరీక్షకు తమ్ముడి పేరుతో ఒకటి పంపాలి. ఏం రాయాలో తోచక "అన్నయ్యా, భోంచేశావా?" అని రాశాడు. అది ఊరంతా తిరిగొచ్చి అదే మెషిన్లో అన్నగారి పెట్టెలో పడింది. కాసేపటికే జవాబు వచ్చింది.

"తిన్నానురా. నువ్వు?"

విద్యాసాగర్ తెర వంక చాలాసేపు చూశాడు. "నేను రాయలేదని చెప్పు," అని లేచి వెళ్లిపోయాడు.

రత్నరాజు అన్నగారికి ఫోన్ చేశాడు. "మధుసూదనరావుగారూ, అది టెస్టు మెయిలండీ. నేనే రాశాను."



"సర్లే రాజూ. పనిచేస్తోందన్నమాట."