వద్దని సంతకం పెట్టిన పాఠం

మా ఆవిడ పోయిన తర్వాతి ఏడాది గురించి అడిగితే నేను చేసిన పనులు చెప్పగలను. ఏమనిపించిందో మాత్రం చెప్పలేను. ఆకివీడు దగ్గర చేపల చెరువుల మీద పని నాది. పొద్దున్నే పడవెక్కి తవుడూ నూనెచెక్కా కలిపిన మేత సంచులు నీళ్ళలో కట్టించడం, వలలేసి చేపలు పట్టే పట్టుబడి రోజున లారీకి ఐసు ఎక్కించడం. అవన్నీ ఏ లోటూ లేకుండా చేశాను. ఇంటికొస్తే మా అమ్మాయి అన్నం పెట్టేది. తినేవాణ్ణి. అప్పుడది మా ఊరి హైస్కూల్లో ఎనిమిదో తరగతి.

మా ఆవిడకి వచ్చింది గర్భసంచి క్యాన్సరు. ఏలూరు ఆసుపత్రికి ఎనిమిది నెలలు తిరిగాం. రక్తం పోవడం ఆగేది కాదు. నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు, సిగ్గు. ఆ గుడ్డలన్నీ ఉతికింది మా అమ్మాయే. జబ్బు పేరు మాత్రం పిల్లకి మేమెవరమూ చెప్పలేదు. "అమ్మకి ఒంట్లో బాగోలేదు" అన్నాం, అంతే. చర్చి పక్కన సమాధి చేసి వచ్చిన మర్నాడు కూడా నేను చెరువు మీదకి వెళ్ళాను.

కొన్నాళ్ళకి స్కూలు కమిటీ మీటింగుకి పిలిచారు. అంతకు ముందే ఎవరో నన్ను మెంబర్ని చేసి ఉంచారు. ఎదిగే పిల్లలకి ఒంటి గురించి పాఠాలు చెప్పాలని ప్రభుత్వం పుస్తకాలు పంపింది. ఆ రోజుల్లో టీవీలోనూ అదే గొడవ. చెప్పకపోతే పిల్లలు జబ్బుల పాలవుతారని ఒకాయన, చెబితే చెడిపోతారని ఇంకొకాయన. టీ కొట్టు దగ్గర మేం సౌండు తగ్గించి చూసేవాళ్ళం, ఆ దారిన ఆడవాళ్ళు నడుస్తుంటారని.

మీటింగులో హెడ్మాస్టరు గారు ముందే చేతులెత్తేశారు. "నాదేం లేదండి, పైనుంచి వచ్చిన ఆర్డరు." ఆయన పక్కన సైన్సు టీచరు నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయేమో, అప్పటికింకా పెళ్ళి కాలేదు. పుస్తకం తెరిచి అందరికీ చూపించింది.

"ఇందులో బూతేమీ లేదండి. ఒంట్లో వచ్చే మార్పులు, శుభ్రత, ఎవరైనా ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పుకోవాలి, అంతేనండి."

కమిటీ చైర్మన్ చేపల వ్యాపారి. మంచివాడే. "అమ్మా, పెళ్ళి కాని పిల్లవి. నీ చేత ఇవి చెప్పిస్తే ఊళ్ళో మా మొహాలు ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నాడు.

వెనకనుంచి ఒక పెద్దాయన లేచాడు. "మా అమ్మలకి ఎవరు చెప్పారండీ ఇవన్నీ? వాళ్ళు సంసారాలు చెయ్యలేదా?" అందరూ నవ్వారు.

"అమ్మ చెబుతుందనుకుందామండి. అమ్మ లేని పిల్లల సంగతేంటి?" అంది టీచరు. నవ్వు ఆగిపోయింది. నా వైపు చూడకూడదనుకుంటూనే అందరూ చూశారు. చైర్మన్ నెమ్మదిగా అడిగాడు. "ఏవండీ, ఆడపిల్ల ఉన్నవాళ్ళు, మీరేమంటారు?"

"అందరూ ఎలాగంటే అలాగేనండి" అన్నాను. పాఠం వద్దని రాసిన కాగితం నా దగ్గరికి వచ్చింది. సంతకం పెట్టాను. అటో ఇటో ఆలోచించి పెట్టింది కాదు. చెరువు దగ్గర లారీ వచ్చి ఉంటుందని మాత్రం అనుకున్నాను.

వానలు పట్టాక ఒక రోజు సాయంత్రం మా అమ్మాయి నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది. "నాన్నా, పులుసులోకి చింతపండు ఇంత నానబెట్టాలి. చూస్తున్నావా?"

"చూస్తున్నాను."

"చెయ్యి పెట్టి నువ్వే పిసుకు."

పిసికాను. మర్నాడు గంజి ఎలా వార్చాలో చూపించింది. రేషన్ కార్డు ఏ పెట్టెలో ఉందో చెప్పింది. వాళ్ళమ్మ కమ్మలు ఫలానా డబ్బాలో ఉన్నాయి, తాడేపల్లిగూడెం అత్తకి ఇచ్చెయ్యమంది. ఇవన్నీ ఎందుకే అని నేను అడగలేదు. పిల్ల సరిగా తినడం లేదని కూడా చూశాను. చూసి ఊరుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం సైన్సు టీచరు సైకిలు తొక్కుకుంటూ చెరువు గట్టు మీదకి వచ్చింది. "మీ అమ్మాయి మూడు రోజుల నుంచి స్కూలుకి రావడం లేదండి" అంది. నాకు తెలియదు. పొద్దున్న నేను బయల్దేరేటప్పుడు అది యూనిఫాంలోనే ఉండేది.

ఇద్దరం ఇంటికి వెళ్ళాం. మా అమ్మాయి పెరట్లో బండ దగ్గర గుడ్డలు ఉతుకుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. టీచరు పక్కన కూర్చుంటే, నా వైపు చూడకుండా చెప్పింది: "నాకూ అమ్మ జబ్బే వచ్చింది టీచర్."

టీచరు నా వైపు తిరిగి, "మీరు కాసేపు వాకిట్లో ఉంటారా అండీ" అంది.

వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఆమె గొంతు తగ్గించలేదు. ఇది జబ్బు కాదమ్మా, నెలనెలా వస్తుంది, నాకూ వస్తుంది, అమ్మకి వచ్చింది వేరు. మా అమ్మాయి పెద్దమనిషైన పిల్లల ఇళ్ళకి వెళ్ళి చిమ్మిలి తిని వచ్చిందే గానీ, పెద్దమనిషి కావడమంటే ఇదేనని దానికి ఎవరూ చెప్పలేదు. నాకు కూడా ఆ ఊహే రాలేదు. పాఠం మొత్తం పది నిమిషాలు పట్టి ఉంటుంది. తర్వాత మా అమ్మాయి పెద్దగా ఏడ్చింది. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. కాలి మీద చెరువు బురద ఎండి బిగుసుకుపోతే గోటితో గీక్కుంటూ నిలబడ్డాను.

టీచరు బయటికి వచ్చింది. "చచ్చిపోతాననుకుందండి. పోయేలోపు మీకు వంట నేర్పేద్దామనుకుందట."

"ఆ కాగితం మీద నేను కూడా సంతకం పెట్టానండి" అన్నాను.

"తెలుసండి. మీ వాళ్ళు ఆడవాళ్ళెవరైనా ఉంటే పిలిపించండి. నాలుగు రోజులు తోడుండాలి."

తాడేపల్లిగూడెం నుంచి మా అక్క వచ్చింది. నువ్వులూ బెల్లం తనే తెచ్చుకుని చిమ్మిలి దంచింది. వచ్చిన రోజే నన్ను వీధిలో నిలబెట్టి, "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావురా?" అని తిట్టింది.

తర్వాత మీటింగు స్కూలు ప్రహరీ గోడ గురించి. గోడ సంగతి అయ్యాక నేను లేచాను. అంతమందిలో నేను మాట్లాడటం అదే మొదలు. "మా అమ్మాయి నాలుగు రోజులు చచ్చిపోతాననుకుందండి" అని మొదలుపెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. నా గొంతు ఎవరిదో ఉత్తరం చదివి వినిపిస్తున్నట్టుంది. ఎవరూ అడ్డు రాలేదు. చైర్మన్ సెల్‌ఫోను బల్ల మీద అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

"పుస్తకాలు అప్పుడే ఏలూరు తిప్పి పంపేశామండి" అన్నారు హెడ్మాస్టరు గారు.

చివరికి, మా అమ్మలకి ఎవరు చెప్పారని అడిగిన పెద్దాయనే కదిలాడు. "పుస్తకం లేకపోతే ఏం? టీచరమ్మ ఆడపిల్లల వరకూ నోటితో చెబుతుంది. మనకెందుకు మధ్యలో?"

తీర్మానం రాయలేదు. ఆ తర్వాత నుంచి శనివారం ఆటల పీరియడ్‌లో టీచరు ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల్ని ల్యాబులో కూర్చోబెట్టి చెప్పేది. టైంటేబుల్లో శుభ్రత అని రాసుకున్నారు. మగపిల్లల మాట ఎవరూ ఎత్తలేదు.

దాదాపు మూడేళ్ళు నడిచింది. ఆమెకి పెదవేగి వైపు ట్రాన్స్‌ఫరైంది. ఆ స్థానంలో వచ్చిన మాస్టారు శనివారాలు మానేశారు. ఎందుకు మానేశారని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. మా అమ్మాయి అప్పటికి పది పాసై ఏలూరులో ఇంటర్‌లో చేరింది.