పూలు లేని సదరు

దబీర్‌పురా స్టేషన్ వెనక సందులో ఈశ్వరయ్య పాలకొట్టం ఎక్కడని ఎవరినడిగినా చూపిస్తారు. ఎవరూ చూపించకపోయినా మీ ముక్కే చూపిస్తుంది. ఆ ఇంటి ఆడపిల్ల ఆండాలు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. పశువుల డాక్టరు చదువు చదువుతానని పట్టుబట్టి చదివింది. తెల్లకోటు వేసుకుని కాలేజీకి వెళ్ళేముందు రోజూ పేడ తీసి, పాలు పిండి మరీ వెళ్ళేది. ఆ సందులో అంతకుముందు ఏ ఆడపిల్లా అంత చదవలేదు, చదివిన ఏ పిల్లా అంత పేడ ఎత్తలేదు.

అన్నీ సాధించుకున్న ఆ పిల్లకు దక్కనిది ఒక్కటే ఉండేది. అది దున్నపోతు తాడు.

దీపావళి వెళ్ళగానే పాతబస్తీ యాదవుల ఇళ్ళకు సదరు పండుగ వస్తుంది. దున్నపోతులను కడిగి, నూనె రాసి, కొమ్ములకు రంగులు వేసి, మెడనిండా పూలదండలు, కాళ్ళకు గజ్జెలు కట్టి డప్పులతో వీధుల్లో నడిపిస్తారు. ఈశ్వరయ్య ఇంటి దున్న పేరు నవాబు. పుట్టినప్పుడు లేవలేక పడి ఉంటే ఆండాలే ఒళ్ళో పెట్టుకుని సీసాతో పాలు పట్టి బతికించింది. పత్తర్‌గట్టి అంతా తిరిగి దాని మెడకు జరీ పట్టీ కొని తెచ్చేదీ ఆమే. తీరా సదరు నాడు తాడు మాత్రం మగవాళ్ళ చేతికే.

"బాపు, ఈసారి తాడు నేను పడ్తా," అని ఏటేటా అడిగేది.

"ఆడివిల్ల తాడు వడ్తదా? నలుగురు నవ్వుతరు బిడ్డా. గడపల నిలవడి సూడు," అని ఈశ్వరయ్య ఏటేటా అదే జవాబు చెప్పేవాడు. చెడ్డవాడేం కాదు. అడిగితే కూతురికి లోకమంతా తెచ్చిపెడతాడు, ఆ బారెడు తాడు తప్ప.

1979లో పాడిపశువుల మీద ఏడాది చదువుకు ఆండాలుకు డెన్మార్క్ పిలుపు వచ్చింది. ఈశ్వరయ్య కాదనలేదు. విమానం ఎక్కనిచ్చినవాడు తాడు పట్టనివ్వకపోవడం ఆమెకు అప్పుడు మరీ వింతగా తోచింది. తీరా వెళ్ళాక తెలిసింది, తరగతులు మొదలవడానికి ఇంకా సెలవులున్నాయని. హాస్టల్ గదిలో ఆమెతో ఉండే గ్రెటే అనే ఆ దేశపు పిల్ల, "ఇక్కడ గోడలు చూస్తూ కూర్చుంటావా? రైలు పాసు తీసుకుందాం, యూరప్ చూసొద్దాం," అంది. ఆండాలు చీర మీద ఉన్నికోటు తొడుక్కుని బయల్దేరింది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ప్యారిస్‌లో అందరూ ఆ ఇనుప గోపురాన్ని తలెత్తి చూస్తుంటే మన పిల్ల దాని కిందున్న పచ్చిక చూసి, ఇంత గడ్డి మేసేవాళ్ళు లేక వృథా పోతోందని బాధపడింది. వెనిస్‌లో వీధులన్నీ నీళ్ళే అయితే ఇంటింటికీ పాలెలా పోస్తారని ఆరా తీసి, పాలు కూడా పడవల్లోనే వెళ్తాయని తెలిశాక గానీ కుదుటపడలేదు. అలాగని చూడాల్సింది చూడలేదనుకోవద్దు. రోములో ఓ గుడి పైకప్పు మీది బొమ్మల్ని మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. మనిషి చేతికి ఇంత పని చేతనవుతుందా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గ్రెటే తన రుమాలు ఇచ్చింది.

తిరుగుదారిలో ఆస్ట్రియాలో దిగారు. దూరపు కొండలు నునుపంటారు. ఆ కొండలు దగ్గరికి వెళ్ళినా నునుపుగానే ఉన్నాయి. ఓ చిన్న ఊళ్ళో జనం దారికి రెండువైపులా నిలబడి ఉన్నారు. ఇంతలో పైనుంచి గంటల మోత వినపడింది. ఆవులు దిగివస్తున్నాయి. తలల మీద పూల కిరీటాలు, మెడల్లో గుమ్మడికాయలంత గంటలు. వేసవంతా కొండ మీద మేసిన మందలు చలికాలానికి ఇంటికొచ్చే పండుగట.

ఆండాలు జనాన్ని తోసుకుని ముందుకెళ్ళి చూసింది. సదరు. దబీర్‌పురాలో వదిలి వచ్చిన పండుగ మంచుకొండల మధ్య ఎదురొచ్చింది. అంతకన్నా పెద్ద వింత, మొదటి ఆవు తాడు పట్టుకుని వస్తున్నది ఓ ఆడపిల్ల. ఒక్కరూ నవ్వడం లేదు.

"చూశావా గ్రెటే, తాడు ఆ పిల్ల చేతిలో ఉంది," అంది.

"మరెవరి చేతిలో ఉంటుంది? ఆవులు కాచింది ఆ పిల్లే," అంది గ్రెటే.

ఆ మాట ఆండాలు గుండెలో నాటుకుపోయింది.

చివరగా మరో మంద వచ్చింది. ముందు ఓ ముసలమ్మ, వెనక ఆవులు. ఒక్కదానికీ పూవు లేదు. మన దగ్గర పండుగపూట పశువును బోసి కొమ్ములతో బయటికి తీశారంటే ఆ ఇంటికి పూలు కొనే దిక్కు కూడా లేదని అర్థం. ఆండాలు ప్రాణం ఒప్పుకోలేదు. పక్కన అమ్ముతున్న పచ్చని పూలగుత్తి ఒకటి కొని, జడ రిబ్బను విప్పి, దారికి అడ్డంగా వెళ్ళి ముందున్న ఆవు కొమ్ములకు కట్టేసింది. కట్టి, ఆవు నుదురు తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది.

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముసలమ్మ ఆగి, ఏదో అంది. గ్రెటే గబగబా వచ్చి ఆ మాటకు అర్థం చెప్పింది.

"మందలో ఒక ఆవు చనిపోయినా ఆ ఏడు పూలు పెట్టరట ఆండాలూ. ఈమె పెద్ద ఆవు లోయలో పడి చనిపోయింది."

ఆండాలుకు భూమి నోరు తెరిస్తే అందులోకి వెళ్ళిపోదామనిపించింది. ముసలమ్మ మాత్రం కోప్పడలేదు. రిబ్బను ముడి మెల్లగా విప్పింది. పూలను పారేయలేదు. ఆండాలును వెనక్కి తిప్పి, ఆ పూలను ఆమె జడలోనే పెట్టి, అదే రిబ్బనుతో బిగించింది. తర్వాత ఆవు తాడు ఆమె చేతిలో పెట్టింది. కొట్టం దాకా ఆండాలే నడిపించింది. దారి పొడుగునా మగవాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. పూలున్న మందకు చప్పట్లు కొట్టినవాళ్ళు, పూలు లేని మందకు తల వంచారు. అంత మర్యాదను ఆమె ఏ గొప్ప నగరంలోనూ చూడలేదు.

చదువు ముగించుకుని మరుసటేడు దీపావళి ముందు ఆండాలు ఇల్లు చేరింది. గుమ్మంలోనే, "నవాబేడి బాపు? ఈసారి తాడు నాదే," అంది.

ఈశ్వరయ్య తల దించుకున్నాడు. "వానల్ల గొంతువాపొచ్చింది బిడ్డా. మస్తు తిప్పలవడ్డం. దక్కలే."

డాక్టరు బిడ్డ అవసరానికి దగ్గర లేదు. ఆండాలు ఖాళీ గుంజ దగ్గర కూర్చుని బిగ్గరగా ఏడ్చింది.

సదరు నాడు ఈశ్వరయ్య తమ్ముడు రామ్‌చందర్, "ఎవరిదన్న దున్నను అడిగి తెద్దాం అన్నా, ఇజ్జత్ వోతది," అన్నాడు. ఈశ్వరయ్య తలుపేసుకుని ఇంట్లో కూర్చుందామన్నాడు.

"రెండూ వద్దు బాపు," అంది ఆండాలు. "నవాబు తల్లిని తీస్కపోదాం. పూలొద్దు, రంగులొద్దు. గిట్లనే."

"బోసి కొమ్ముల బర్రెనా? దాని తాడు ఎవడు వడ్తడు?" అన్నాడు రామ్‌చందర్.

"నేను పడ్తా," అంది.

కొండల్లో తాను చేసిన పొరపాటూ, ముసలమ్మ మర్యాదా తండ్రికి చెప్పింది. ఈశ్వరయ్య అంతా విన్నాడు. చెప్పులు వేసుకున్నాడు.

పొద్దుగూకే వేళ, వీధినిండా మెరిసే దున్నపోతుల మధ్యకు ముసలి బర్రె వచ్చింది. ఒంటి మీద నూనె చుక్క లేదు. తాడు ఆండాలు చేతిలో ఉంది. ఎవరో కిసుక్కుమన్నారు. డప్పులు తడబడ్డాయి. పండుగ పెద్ద బీరయ్య మంచివాడు. చూసి ఓర్వలేక తన దున్న మెడలోంచి ఓ దండ తీసుకుని బర్రె కొమ్ములకు వేయబోయాడు.

ఆండాలు నోరు తెరిచేలోపే ఈశ్వరయ్య ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు బీరన్నా. నవాబు వోయిండు. ఇది వాని తల్లి."

బీరయ్య దండ వెనక్కి తీసుకుని, డప్పులవాళ్ళకు సైగ చేశాడు. డప్పులు ఆగాయి. అతను తలపాగా తీసి పక్కకు జరిగాడు. వెనకవాళ్ళూ ఒక్కొక్కరే జరిగి దారిచ్చారు. రామ్‌చందర్ మెల్లగా అన్న పక్కన చేరి, "జనం జూస్తున్నరు. తాడు నువ్వు వట్టుకోరాదె," అన్నాడు.

"వాన్ని పెంచింది నా బిడ్డ," అన్నాడు ఈశ్వరయ్య. కండువా భుజాన సర్దుకుని, కూతురికి రెండడుగులు వెనకగా నడిచాడు.